దాస్యామి

భగవద్గీత పదహారో అధ్యాయంలో పదిహేనో శ్లోకాన్ని ఇన్నాళ్ళూ గబగబా దాటేసేదాన్ని. అసుర గుణాల వర్ణన, మనకెందుకులే అని. ఈమధ్య పారాయణలో మాత్రం ఒక మాట దగ్గర ఆగిపోయాను.

'యక్ష్యే దాస్యామి మోదిష్య ఇత్యజ్ఞానవిమోహితాః.'

యజ్ఞం చేస్తాను, దానం ఇస్తాను, ఆనందిస్తాను. ఈ మాటలు అసుర స్వభావం ఉన్నవాడివి. దానం ఇస్తాననడం తప్పెలా అయింది? ఇదే అధ్యాయం మొదటి శ్లోకంలో, దైవీ గుణాల్లో, 'దానం దమశ్చ యజ్ఞశ్చ' అని ఉంది కదా! అక్కడ ఉన్నది ఉత్త 'దానం'. ఇచ్చేవాడు కనిపించడు. ఇక్కడ 'దాస్యామి'. క్రియలోకి 'నేను' వచ్చి కూర్చుంది.

వరస కూడా చూడండి. పన్నెండో శ్లోకంలో 'అన్యాయేనార్థసంచయాన్', అన్యాయంగా డబ్బు పోగేయడం. పద్నాలుగులో, 'ఈ శత్రువును చంపాను, మిగతావాళ్ళనూ చంపుతాను'. ఆ తర్వాతే దానం ఊసు. గోవును చంపి చెప్పులు దానం చేసినట్టు అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఈజిప్టు నుంచి తెచ్చి నిలబెట్టిన డెండూర్ గుడి ఉంది. ఐసిస్ దేవత గుడి. అది ఉన్న విభాగానికి 2021 దాకా, డబ్బిచ్చిన శాక్లర్ కుటుంబం పేరుండేది. ఆ కుటుంబానికి చెందిన పర్డ్యూ ఫార్మా 1996లో ఆక్సీకాంటిన్ అనే నొప్పి మందు తెచ్చింది. వ్యసనం ముప్పు తక్కువని తప్పుదోవ పట్టించి అమ్మినట్టు దాని అనుబంధ కంపెనీ 2007లో కోర్టులో ఒప్పుకుంది. 2020లో పర్డ్యూ మళ్ళీ నేరం ఒప్పుకుంది. కుటుంబ సభ్యులు మాత్రం తమ తప్పేమీ లేదంటూ వచ్చారు. ఆ విభాగానికి డబ్బిచ్చేనాటికి ఈ మందు ఇంకా పుట్టలేదు, నిజమే. కానీ గొడవ ముదిరాక కూడా గోడ మీది పేరు ఏళ్ళ తరబడి గౌరవం తెచ్చిపెడుతూనే ఉంది. 2021 డిసెంబర్లో మ్యూజియం 7 చోట్ల ఆ పేరు తీసేసింది. దేవత అక్కడే ఉంది.

పదిహేడో అధ్యాయంలో సాత్త్విక దానం గురించి 'దీయతేఽనుపకారిణే' అంటాడు కృష్ణుడు. తిరిగి ఏ మేలూ చేయలేనివాడికి ఇవ్వబడేది. అక్కడా 'నేను' లేదు. మ్యూజియం, యూనివర్సిటీ అనుపకారులా? వాటి దగ్గర తిరిగివ్వడానికి బోలెడంత పరువుంది. మందుకు బానిసై ఇల్లు గుల్లైనవాడి దగ్గర ఏముంది? అయినా వాడికిచ్చేది దానం కాదు, బాకీ. బాకీ తీర్చినందుకు శిలాఫలకం ఎవరూ వేయరు.

ఇంకో తమాషా ఉంది. అమెరికా ధనవంతుడు జెఫ్రీ ఎప్‌స్టీన్ 2008లో మైనర్ బాలికకు సంబంధించిన లైంగిక నేరంలో శిక్ష పడ్డవాడు. 2002 నుంచి 2017 దాకా అతని దగ్గర 10 విడతల్లో 8,50,000 డాలర్లు తీసుకున్నట్టు అమెరికా యూనివర్సిటీ ఎంఐటీ తన 2020 విచారణ నివేదికలో చెప్పింది. అందులో 9 విడతలు శిక్ష తర్వాతివే. ఆ ఇచ్చిపుచ్చుకోవడాలు బయటికి పొక్కకూడదని కొందరు అధికారులు అనుకున్నారు. గుప్తదానం అంటే తీసుకునేవాడు తలదించుకోకూడదని ఇచ్చేవాడు పేరు దాచుకోవడం. ఇక్కడ పేరు చెబితే తమ పరువు పోతుందని తీసుకునేవాళ్ళు దాచారు! డబ్బు గుప్తం, మనిషి కాదు. క్యాంపస్‌కి దర్జాగా వచ్చిపోయాడు. నాకు ఇచ్చినవాడి కంటే పుచ్చుకున్నవాళ్ళ మీదే ఎక్కువ కోపం వచ్చింది.

శ్లోకంలో చివరి మాట 'అజ్ఞానవిమోహితాః'. ఇదంతా నటనే అయితే కృష్ణుడు దంభం అని వదిలేసేవాడు. ఆ మాట రెండు శ్లోకాల తర్వాత వాడనే వాడాడు. ఇక్కడ మాత్రం వాళ్ళు మోహంలో ఉన్నారంటున్నాడు. అంటే తాము పూసుకున్న రంగును తామే నమ్మేస్తున్నారు.

నిన్న నేనూ ఒకచోటికి చిన్న మొత్తం పంపాను. రసీదు స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టబోయాను. ఇది చూసి ఇంకో నలుగురు ఇస్తారని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ మాట నా చెవికి ఎంత నిజంలా వినిపించిందో!