క్లిప్ మారే చోట క్రాష్: మెక్‌గర్క్ ప్రయోగంలో ఈ విడత పురోగతి

మెక్‌గర్క్ ప్రయోగం ఎట్టకేలకు మొదటి క్లిప్ నుంచి చివరి క్లిప్ దాకా మధ్యలో మూసుకుపోకుండా నడిచింది! పెదవులు ‘గ’ అని పలుకుతుండగా చెవికి ‘బ’ శబ్దం చేరితే చాలామందికి ‘ద’ అని వినబడుతుందని హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ 1976లో చూపారు. దానినే సొంతంగా తీసిన క్లిప్పులతో, విండోస్ మీద పైథాన్ భాషలో రాసిన ప్రోగ్రామ్‌తో పరీక్షించి చూడాలన్నది నా ప్రయత్నం. జవాబుల కీలు, క్లిప్పుల యాదృచ్ఛిక క్రమం, ఫలితాల ఫైలు ఇబ్బంది లేకుండా కుదిరాయి. వీడియో మాత్రం చాలాకాలం లొంగలేదు.

కొన్ని క్లిప్పులు సజావుగా ఆడిన తరువాత, ఒకటి ముగిసి మరొకటి మొదలు కావలసిన చోట తెర నల్లబడి ప్రోగ్రామ్ మొత్తం మాయమయ్యేది. పైథాన్ మామూలుగా చూపించే ఎర్రర్ సందేశం ఒక్క ముక్క కూడా ఉండేది కాదు. మిగిలేది -1073741819 అనే ఎగ్జిట్ కోడ్ ఒక్కటే. ప్రోగ్రామ్ తనకు హక్కు లేని మెమరీ చిరునామాను తాకిందని విండోస్‌లో ఆ సంఖ్యకు అర్థం. అంటే చిక్కు పైథాన్ కోడ్‌లో కాక, దాని కింద పనిచేసే, సీ భాషలో రాసిన లైబ్రరీల్లో ఉందన్నమాట. అటువంటి దానిని, పైథాన్‌లో ఎర్రర్లను పట్టే ట్రై-ఎక్సెప్ట్ పెట్టి పట్టుకోవడం కుదరదు.

మొదటి అనుమానం మెమరీ మీదికి పోయింది. 1920×1080 ఫ్రేమును ఆర్‌జీబీగా (పిక్సెల్‌కు మూడు రంగుల బైట్లుగా) విప్పితే 62,20,800 బైట్లు అవుతుంది. సెకనుకు 30 ఫ్రేముల చొప్పున అది దాదాపు 187 ఎంబీ. పాత క్లిప్ తన ఫ్రేములను వదలకుండా పట్టుకుని కూర్చుంటే మెమరీ నిండిపోవడానికి ఎంతోసేపు పట్టదు. అయితే టాస్క్ మేనేజర్‌లో గీత 400 ఎంబీ దగ్గర చదునుగా సాగి, క్రాష్ క్షణంలో కూడా పైకి లేవలేదు. క్లిప్పులను 1280×720కు కుదించినా ఫలితం మారలేదు. రెండో అనుమానం ఫోన్ తీసిన ఫైళ్ల మీద: హెచ్.265 కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి), పైగా క్షణక్షణానికీ మారే ఫ్రేమ్ రేటు. వీడియోలను మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ సాధనంతో అన్నింటినీ దానికంటే పాతదైన హెచ్.264కు, స్థిరమైన 30 ఫ్రేములకు మార్చాను. సెకనుకు 60 సార్లు రిఫ్రెష్ అయ్యే (60 హెర్ట్జ్) తెర మీద ప్రతి ఫ్రేమూ సరిగ్గా రెండు రిఫ్రెష్‌ల పాటు నిలిచి కదలిక నునుపుగా వచ్చింది గాని, క్రాష్ అక్కడే ఉండిపోయింది. అయినా ప్రయోగాల క్లిప్పులకు హెచ్.264 మించినది అక్కరలేదన్నది నా గట్టి అభిప్రాయం. ఫైలు కాస్త చిన్నదవుతుందని డీకోడర్ మీద అదనపు భారం మోపడం ఈ పనికి తగదు.

దారి చూపించింది పైథాన్‌లోనే ఉన్న ఫాల్ట్‌హ్యాండ్లర్. దానిని ఆన్ చేసి నడిపితే, ప్రోగ్రామ్ కూలే ముందు ఏ థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో సమాంతరంగా నడిచే పని) కోడ్‌లోని ఏ వరుసలో ఉందో రాసిపెట్టింది. ప్రధాన థ్రెడ్ ప్రతిసారీ పాత క్లిప్‌ను మూసే వరుసలోనే ఉంది. మూసేటప్పుడు ఇంకా ఎవరు పనిలో ఉంటారని ఆలోచిస్తే ఆడియో గుర్తుకు వచ్చింది. క్లిప్పుల నుంచి శబ్దాన్ని పూర్తిగా తీసేసి రాత్రంతా నడిపితే ఒక్క క్రాష్ కూడా లేదు. శబ్దం తిరిగి చేర్చగానే మళ్లీ మొదలైంది. క్లిప్పుల ఆడియో 44,100 హెర్ట్జ్‌లో, సౌండ్ కార్డ్ 48,000లో ఉండటం కారణమేమోనని రెంటినీ 48,000కు తెస్తే ఏ తేడా లేదు. శబ్దాన్ని ఆపిన తరువాత, క్లిప్‌ను మూసే ముందు 500 మిల్లీసెకన్లు ఆగితే క్రాష్‌లు బాగా తగ్గాయి గాని పూర్తిగా పోలేదు. దీనినిబట్టి, సౌండ్ కార్డ్‌కు శబ్దం అందించే థ్రెడ్ ఇంకా బఫర్‌ను (శబ్దాన్ని తాత్కాలికంగా ఉంచే మెమరీని) చదువుతుండగానే ప్రధాన థ్రెడ్ ఆ బఫర్‌ను విడుదల చేసేస్తోందని నా అంచనా. వ్యవధి పెంచితే ఢీకొనే అవకాశం తగ్గుతుందే తప్ప తొలగిపోదు.

శబ్దం లేకపోతే మెక్‌గర్క్ ప్రయోగమే లేదు కాబట్టి, వీడియోలను మూగవిగా ఉంచి శబ్దాలను విడిగా, కుదించని వేవ్ ఫైళ్లుగా ముందే లోడ్ చేసి, మొదటి ఫ్రేము తెర మీదికి వచ్చే రిఫ్రెష్‌కే ప్లే అయ్యేలా కట్టాను. ఇక్కడ శబ్దాన్ని కుదించే ఏఏసీ ఫార్మాట్ వద్దు: అది 1024 శాంపిళ్ల దిమ్మెలుగా పనిచేస్తుంది, 48,000 హెర్ట్జ్ వద్ద ఒక దిమ్మె 21.3 మిల్లీసెకన్లు, ఎన్‌కోడర్ ముందు చేర్చే ఖాళీ అంతా శబ్దం-చిత్రం పొందికలో (సింక్‌లో) తేడాగా తేలుతుంది.

ఆ సింక్‌ను కొలవడానికి మొదటి ఫ్రేము మూలలో తెల్లని చదరం పెట్టి, దాని మీద కాంతిని పసిగట్టే ఫోటోట్రాన్సిస్టర్ ఆనించి, ఆ సిగ్నల్‌ను ఒక ఛానల్‌లోనూ స్పీకర్ ముందున్న మైకును మరో ఛానల్‌లోనూ రికార్డ్ చేశాను. సౌండ్ కార్డ్ ఇన్‌పుట్ నిలకడగా ఉన్న కాంతిని నమోదు చేయదు, మార్పును మాత్రమే చూపుతుంది. చదరం వెలిగిన అంచు చాలు కాబట్టి అది ఆటంకం కాలేదు. శబ్దం చిత్రం కంటే 25 మిల్లీసెకన్లు అటూఇటూగా ఆలస్యంగా వస్తోంది. శబ్దం 45 మిల్లీసెకన్లు ముందుకు, 125 మిల్లీసెకన్లు వెనక్కు జరిగేదాకా తేడా తెలియదని ప్రసారాల కోసం రాసిన అంతర్జాతీయ సిఫార్సు ఐటీయూ-ఆర్ బీటీ.1359 చెబుతుంది గనుక ప్రస్తుతానికి ఇది చాలు.

తరువాత ఇవే క్లిప్పులను లినక్స్ మీద ఆక్టేవ్ అనే ప్రోగ్రామింగ్ భాషతో, ఇలాంటి ప్రయోగాల కోసమే ఉన్న సైక్‌టూల్‌బాక్స్‌లో నడపాలి. అక్కడ వీడియో పని జీస్ట్రీమర్ అనే మరో లైబ్రరీ చూసుకుంటుంది కాబట్టి, శబ్దాన్ని క్లిప్‌లోనే ఉంచి మూసే క్షణాన్ని మళ్లీ పరీక్షించవచ్చు. అంతకంటే ముందే శబ్దాన్ని 60, 120, 180 మిల్లీసెకన్లు వెనక్కు జరిపి, ‘ద’ వినబడటం ఎక్కడ సడలుతుందో చూడాలని ఉంది. వేవ్ ఫైలు విడిగా ఉంది కాబట్టి ఒక్క సంఖ్య మారిస్తే సరిపోతుంది.