గాలిమర చేనులోకి వచ్చే ముందు

అప్పటి అనంతపురం జిల్లాలో 1990లలో రామగిరి కొండల మీద మొదలైన గాలిమరలు తర్వాత ఉరవకొండ, బెళుగుప్ప, వజ్రకరూరు వైపు వేరుశనగ చేలకూ వచ్చాయి. నైరుతి గాలులు వీచే జూన్–సెప్టెంబరు నెలలే వీటికి అసలు సీజను. గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది మరి.

రెండు మెగావాట్ల మరకు పునాది సుమారు 18 మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల లోతు. కాంక్రీటు వందల ఘనపు మీటర్లు. అందరూ దాన్ని చూసే భయపడతారు గానీ, చేనుకు అసలు దెబ్బ క్రేన్ నిలిచే చోటు, దానికి వేసే దారి. ఆ బరువుకు నేల బిగుసుకుపోయి వాన నీళ్లు ఇంకవు, వేరుశనగ ఊడలు దిగవు. అందుకే అడుగు మేర పైమట్టిని ముందే తీయించి విడిగా కుప్ప పోయించాలి. పని ముగిశాక బిగుసుకున్న నేలను సబ్‌సాయిలర్‌తో (ట్రాక్టరుకు తగిలించే లోతు మడక) లోతుగా చీల్చి, ఆ మట్టినే మళ్లీ పరిపించాలి. వాలుకు అడ్డంగా దారి వేస్తే ఎగువ చేలో నీళ్లు నిలుస్తాయి. తూములు ఎక్కడెక్కడ పెట్టాలో గాలిమర కంపెనీతో చేసుకునే ఒప్పందంలోనే రాయించండి. మర నుంచి కరెంటు తీసుకెళ్లే భూగర్భ కేబుల్ మీటరు లోతున లేకపోతే ట్రాక్టర్ మడకకు తగలొచ్చు.

డీ-పట్టా భూమైతే, అంటే ప్రభుత్వం పేదలకు పంచి ఇచ్చినదైతే, దాన్ని కంపెనీకి ఇవ్వొచ్చో లేదో సంతకానికి ముందే తహసీల్దారు కార్యాలయంలో అడగాలి. మర ఆయుష్షు 20–25 ఏళ్లు. ఆ తర్వాత పునాదిని ఎంత లోతు వరకు, ఎవరి ఖర్చుతో పగలగొట్టాలన్నది చాలామంది రాయించుకోరు.