డ్రిప్పు కింద లెక్కలు

మాది చీరాల. ఇంట్లోనే మిషన్ కుడతాను. దసరాకి పది రోజుల ముందు జ్వరం వచ్చింది, పరీక్ష చేసి డెంగీ అన్నారు. ఐదో రోజు జ్వరం దిగింది. దేవునికి స్తోత్రం అనుకుని నేరుగా మిషన్ మీద కూర్చున్నాను. ఇవ్వాల్సిన జాకెట్లు 11. వాటిలో నాలుగు జాకెట్లకి ముందే డబ్బు తీసుకుని సిలిండర్‌కి ఖర్చు పెట్టేశాను.

మధ్యాహ్నానికి కడుపునొప్పి, వాంతులు. సాయంత్రానికి చిగుళ్ల నుంచి రక్తం. డెంగీలో జ్వరం దిగాకే అసలు ప్రమాదం మొదలవ్వొచ్చని, రక్తనాళాల్లోంచి నీరు కారిపోయి బీపీ పడిపోతుందని నాకు అప్పటికి తెలీదు.

ఊళ్లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి పరుగెత్తాం. కౌంటరులో అబ్బాయి, "డబ్బు లేనప్పుడు ఇక్కడిదాకా ఎందుకు తెచ్చారండీ?" అన్నాడు. మా ఆయన చేతిలో 3,200 ఉన్నాయి. లెక్కపెట్టిన నోట్లనే మళ్లీ మళ్లీ లెక్కపెడుతూ నిలబడ్డారు. రక్తం చూసినప్పుడు రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది.

108లో గుంటూరు పెద్దాసుపత్రికి చేరేసరికి రాత్రి 11. ప్లేట్‌లెట్లు 18 వేలు. మామూలుగా లక్షన్నరకి పైనే ఉండాలట. నర్సమ్మ గంటగంటకీ వచ్చి బీపీ చూసి, "కళ్లు తెరువమ్మా" అంటూ పలకరించింది. నాకేమో లెక్కలు. పాప ఫీజు, అద్దె, డ్వాక్రా వాయిదా. డ్రిప్పులో చుక్క పడినప్పుడల్లా ఒక అప్పు గుర్తొచ్చేది.

చిన్నప్పుడు సండే స్కూల్లో బైబిల్లోని మత్తయి 6వ అధ్యాయం కంఠతా చెప్పి స్టీలు గ్లాసు గెలుచుకున్నాను. ఆకాశపక్షులు విత్తవు, కోయవు, అయినా పరలోకపు తండ్రి వాటిని పోషిస్తాడు అని గడగడా అప్పజెప్పినదాన్ని. ముప్పై ఏళ్లుగా ఆ గ్లాసుతో నీళ్లు తాగుతున్నాను గానీ, ఆ మాట మీద ఆనుకుని ఒక్క రాత్రి పడుకోలేదు. "తండ్రీ, ఇవన్నీ మోయడం నా వల్ల కావట్లేదు, నువ్వే చూసుకో" అన్నాను. అంతకంటే మాట రాలేదు. తెల్లారేదాకా నిద్రపోయాను.

వారం తర్వాత ఇంటికొచ్చాను. వాయిదా డ్వాక్రా గ్రూపు ఆడవాళ్లు తలా కొంత వేసి కట్టేశారు. కత్తిరించి పెట్టిన జాకెట్లు మా పక్కింటి అక్క వెనక వీధి టైలరు చేత కుట్టించి, హుక్కులు తనే వేసి ఎవరివి వాళ్లకి ఇచ్చేసింది. నేను ఎవరినీ అడగలేదు. ఎవరేమనుకున్నా ఇది నా దేవుడు చేసిందే.

అలాగని మందులు మానేసి ప్రార్థన చేసుకోమని చెప్పను. ఆ నర్సమ్మని పంపింది కూడా ఆయనే. డెంగీ జ్వరం దిగిందని లేచి పనిలో పడకండి. పారాసెటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. కడుపునొప్పి, వాంతులు వస్తే ఆ పూటే ఆసుపత్రికి వెళ్లండి.

ఆ కౌంటరు అబ్బాయి మీద కోపం మాత్రం ఇంకా పోలేదు. క్షమించే మనసు ఇమ్మని రోజూ అడుగుతున్నాను.

అక్క ఆ జాకెట్లతో పాటు నా జాకెట్టుకీ హుక్కులు వేసి ఉంచింది. కంట్లో శుక్లాలు కదా, వరస కాస్త వంకరపోయింది. విప్పి సరిచేద్దామంటే చెయ్యి రాలేదు. మొన్న ఆదివారం అదే వేసుకుని చర్చికి వెళ్లాను.