మొసలికి ఏం తెలుసు?

ఇంగ్లండ్‌లో నర్సరీ ఉద్యోగం అంటే సగం రోజు ముక్కులు తుడవడం, కోట్లు తొడగడం. మిగతా సగం, ఏ పిల్లాడు ఏం చేశాడో టాబ్లెట్‌లో ఎక్కించడం. మధ్యలో కాసేపు కథ. ఈ పనిలో నన్ను నిలబెట్టింది ఆ కాసేపే.

పుట్టినప్పటి నుంచి అయిదేళ్ల దాకా పిల్లల కోసం ఇక్కడ ఈవైఎఫ్‌ఎస్ అని ప్రభుత్వం పెట్టిన నియమావళి ఉంది. అందులో ఏడు విభాగాలు. అన్నిటికంటే ముఖ్యమని చెప్పే మూడింటిలో మాట, భాష ఒకటి. అది చాలాసార్లు బొమ్మల పుస్తకం చదివి వినిపించడంతో సరిపోతుంది. నేను మాత్రం పుస్తకం మూసేసి నోటితోనే చెబుతాను. బొమ్మ ఎదురుగా ఉంటే మొసలి ఎలా ఉందో చూస్తారు గానీ, దానికి ఏం కావాలో ఆలోచించరు. పుస్తకం లేకపోతే చూడడానికి నా ముఖం ఒక్కటే మిగులుతుంది. మా దగ్గర మూడేళ్లు దాటిన పిల్లలు ఎనిమిది మందికి ఒకరం ఉంటాం కాబట్టి నాకూ అందరి ముఖాలూ కనిపిస్తాయి.

నా యాస గురించి మొదట్లో టెన్షన్ పడేదాన్ని. మా గదిలో కొందరు పిల్లలకు ఇంగ్లిష్ నాకంటే కొత్త. వాళ్లు మాట కంటే ముందు గొంతును పట్టుకుంటారని తెలిశాక ఆ టెన్షన్ పోయింది. కోతికి ఒక గొంతు, మొసలికి ఒక గొంతు. ఎన్నిసార్లు చెప్పినా అవి మారకూడదు. మారిస్తే వెంటనే పట్టేస్తారు.

కోతి, మొసలి కథ మనందరికీ తెలిసిందే. నది మధ్యలో మొసలి అసలు సంగతి చెప్పేస్తుంది: తన భార్యకు కోతి గుండె కావాలట. "అయ్యో, గుండె చెట్టు మీదే వదిలేసి వచ్చానే!" అంటుంది కోతి. అక్కడ ఆపి, "ఇప్పుడు మొసలి ఏమనుకుంటోంది?" అని అడుగుతాను. మూడేళ్ల వాళ్లలో చాలామంది, "గుండె లోపలే ఉంది" అంటారు. తమకు తెలిసింది మొసలికీ తెలుసని వాళ్ల లెక్క. నాలుగు దాటిన వాళ్లు కిసుక్కున నవ్వుతారు, పాపం దానికి తెలియదని.

1983లో విమ్మర్, పెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక చాక్లెట్‌తో పరీక్షించింది ఇదే. వాళ్లు పిల్లలకు చెప్పిన కథలో ఒక పిల్లాడు చాక్లెట్‌ను ఒక అలమరలో పెట్టి ఆడుకోవడానికి వెళ్తాడు. వాళ్లమ్మ దాన్ని ఇంకో అలమరలోకి మారుస్తుంది. తిరిగొచ్చాక పిల్లాడు ఎక్కడ వెతుకుతాడు? కథ విన్నవాళ్లలో మరీ చిన్నవాళ్లు కొత్త చోటే చూపిస్తారు, మార్చిన సంగతి ఆ పిల్లాడికి తెలియదని తట్టక.

నేను కచ్చితంగా మానేసింది విశేషణాలు. "అనగనగా ఒక జిత్తులమారి నక్క" అన్నామంటే ఇక పిల్లలకు తేల్చుకోవడానికి ఏం మిగిలింది? మొసలి మంచిదా చెడ్డదా అని కూడా అడగను. అలా అడిగితే అందరూ ఒకే గొంతుతో "చెడ్డది" అని అరిచి ఊరుకుంటారు. "మొసలి మెల్లగా ఎందుకు ఈదుతోంది?" అని అడిగినప్పుడు ఒక పాప, "దానికి ఫ్రెండ్ అంటే ఇష్టం, ఇంటికెళ్తే తిడతారు" అంది. నాలుగేళ్ల పిల్ల!

అక్షరాలు ఎప్పుడు నేర్పుతారని అడిగే తల్లిదండ్రులు ఇక్కడా ఉన్నారు. నేర్పుతాం, తొందరేముంది?

కథ బాగా నోటికొచ్చాక దాన్ని ఆడిస్తాను. షికాగోలో పనిచేసిన వివియన్ పేలీ అనే టీచర్ పిల్లలు చెప్పే కథలను ఉన్నదున్నట్టు రాసుకుని, తోటి పిల్లలతో ఆడించేవారు. మేమూ అప్పుడప్పుడు అలా చేస్తాం, కానీ మావాళ్లకు ఈ కోతి కథే కావాలి. మొన్న మొసలి వేషం వేసినవాడు మూడేళ్ల బుడతడు. గుండె చెట్టు మీద ఉందని కోతి చెప్పగానే, "అబద్ధం, లోపలే ఉంది" అని మొండికేశాడు. వెనక్కి ఈదనంటే ఈదనన్నాడు. కోతి వేసిన పిల్లకు చిర్రెత్తుకొచ్చింది: "నీకు తెలుసు, కానీ ఇప్పుడు నువ్వు మొసలివి కదా! మొసలికి తెలీదు!"