మొక్కల పంపు: 60000కి పేరు పెట్టగానే ఆగిపోయింది

దొరికింది! మూడు రోజులు తిప్పలు పెట్టిన తప్పు నిన్న రాత్రి పదకొండింటికి దొరికింది.

బాల్కనీలో మట్టి ఎండితే మొక్కలకు నీళ్లు పెట్టే పంపును ఆర్డుయినో ఊనో అనే చిన్న కంట్రోలర్ బోర్డు నడుపుతుంది. దాని కోడ్‌లో అంకెల స్థానంలో పేర్లు పెట్టడం ఆదివారం పూర్తి చేశాను. చదవడానికి ఇప్పుడు ఎంత హాయిగా ఉందో! ఇదివరకు 20 అని రెండుచోట్ల ఉండేది. ఒకటి పంపు నడిచే సెకన్లు, ఇంకోటి సగటు కోసం తీసుకునే రీడింగులు.

మంగళవారానికి టమాటా ఆకులు వాలిపోయాయి. పంపు ఒక్కసారి కూడా తిరగలేదు. ముందు రిలే (పంపును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) మీద అనుమానం వచ్చింది. విడిగా ఆన్ చేస్తే పంపు తిరిగింది. మట్టి తేమ కొలిచే సెన్సర్ తడిమట్టిలో 310, పొడిమట్టిలో 585 చూపిస్తోంది, అదీ బాగానే ఉంది. (కొనేవాళ్లు కెపాసిటివ్ రకమే కొనండి, రెండు పుల్లలది తొందరగా తుప్పు పట్టిపోతుంది.) అడాప్టర్ మార్చినా లాభం లేదు. చివరికి నిమిషానికోసారి జరిగే చెకింగ్‌ను 10 సెకన్లకు తగ్గిస్తే పంపు పనిచేసింది. 30కీ పనిచేసింది. 35కి లేదు. 32కి సరే, 33కి లేదు! మళ్లీ 60 పెట్టి సీరియల్ మానిటర్‌లో (బోర్డు పంపే విలువలు కంప్యూటర్‌లో కనిపించే విండో) ఆ గ్యాప్ విలువ చూస్తే 4294961760.

ఆర్డుయినో ఊనోలో ఇంట్ (మామూలు పూర్ణాంకాలు దాచే రకం) 16 బిట్లే, 32767 దాటదు. పాత కోడ్‌లో నిమిషం గ్యాప్ మిల్లీసెకన్లలో 60000 అని నేరుగా ఉండేది. అది ఇంట్‌లో పట్టదు కాబట్టి కంపైలరే (కోడ్‌ను బోర్డుకు అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రాం) లాంగ్‌గా, అంటే ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే రకంగా తీసుకునేది. నేను చెక్_గ్యాప్_ఎంఎస్ అని పేరు పెట్టి, లెక్క కనబడాలని 60 * 1000 అని రాశాను. రెండూ ఇంట్‌లే కనుక గుణకారమూ ఇంట్‌లోనే జరిగి -5536 వచ్చింది. దాన్ని అన్‌సైన్డ్ లాంగ్‌లో (మైనస్ సంఖ్యలు లేని లాంగ్) వేసేసరికి 4294961760 మిల్లీసెకన్లు, అంటే 49.7 రోజుల గ్యాప్ అయి కూర్చుంది. 60యూఎల్ * 1000యూఎల్ అని (యూఎల్ అంటే అన్‌సైన్డ్ లాంగ్) మార్చాక సరిపోయింది.

ఐడీఈలో (కోడ్ రాసే సాఫ్ట్‌వేర్) కంపైలర్ వార్నింగులు మామూలుగా ఆపేసి ఉంటాయి. ఆన్ చేస్తే ఆ లైన్‌నే పట్టి చూపించింది. ఇంత జరిగినా నా ఓటు పేర్లకే. కాకపోతే పేరులో ఎంఎస్ లాంటి కొలత ఉండాలి, పేరు పెట్టడానికి డిఫైన్ (పేరున్న చోట విలువను అలాగే అతికించేది) కంటే కాన్‌స్ట్ (రకం కూడా చెప్పే, మారని విలువ) నయం. సున్నాకి, ఒకటికి కూడా పేర్లు పెట్టడం మాత్రం నాకు నచ్చదు.

తర్వాత ఈఎస్‌పీ32 అనే ఇంకో బోర్డుకి మారాలి. అందులో ఇంట్ 32 బిట్లు, ఈ తప్పు అక్కడైతే బయటపడేదే కాదు. సెన్సర్ రీడింగ్ 1023 బదులు 4095 దాకా వెళ్తుంది. పొడి_హద్దు (మట్టి ఎండిందని లెక్కేసే విలువ) ఒక్కచోట మారిస్తే చాలు, కానీ కొత్త విలువ కోసం ఆ తడిమట్టి, పొడిమట్టి కుండీల్లో మళ్లీ కొలవాలి. శనివారం ఆ పని పెట్టుకుంటాను.