మూడు కొవ్వొత్తులు

నిన్న రాత్రి మా ఫిజికల్ సైన్స్ టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో పెట్టాను. నేను క్లాసులో చేసిందే. పళ్లెంలో నీళ్లు, మధ్యలో వెలిగే కొవ్వొత్తి, దాని మీద బోర్లించిన సీసా. కొవ్వొత్తి ఆరిపోతుంది, నీళ్లు పైకి ఎక్కుతాయి. "ఆక్సిజన్ అయిపోయింది, ఆ ఐదో వంతు చోటులోకి నీళ్లు వచ్చాయి" అని వెనక నా గొంతు. పదహారేళ్లుగా చెబుతున్న మాటే. దండాల బొమ్మలు, చప్పట్ల బొమ్మలు బాగానే వచ్చాయి.

అసలు ఆ గ్రూపు నిండా డీఏ బకాయిలు, బదిలీల జీవోలు, గులాబీల మీద శుభోదయాలు. రెండుసార్లు బయటికి వచ్చేద్దామనుకుని, మ్యూట్‌లో పెట్టి ఊరుకున్నాను.

ఇవాళ మధ్యాహ్న భోజనం దగ్గర డ్యూటీ. గుడ్లు అందరికీ అందాయో లేదో చూసి ఫోన్ తీస్తే, శ్రీకాకుళం వైపు మాస్టారొకరి వాయిస్ మెసేజ్. "మేడమ్, ఏమీ అనుకోకండి. ఆక్సిజన్ అయిపోయే నీళ్లు ఎక్కుతున్నాయంటే, కొవ్వొత్తి ఒకటి పెట్టినా మూడు పెట్టినా ఒకే ఎత్తుకు ఎక్కాలి కదండీ? ఓసారి చేసి చూడండి."

ముందు ఒళ్లు మండింది, అబద్ధం ఎందుకు.

సాయంత్రం బ్రాడీపేటలో ఆటో దిగి, కొట్లో కొవ్వొత్తులు కొనుక్కుని ఇంటికొచ్చాను. వంటగట్టు మీద స్టీలు పళ్లెం, నీళ్లలో చిటికెడు పసుపు, పాత హార్లిక్స్ సీసా. "కరెంటు ఉందిగా, కొవ్వొత్తులెందుకమ్మా?" అన్నారు అత్తయ్య.

ఒక కొవ్వొత్తికి నీళ్లు వేలి మందం ఎక్కాయి. మూడింటికి రెండు వేళ్లు దాటాయి. మళ్లీ చేశాను, అంతే. ఈసారి కళ్లార్పకుండా చూస్తే, సీసా బోర్లించగానే అంచు కింద నుంచి బుడగలు. మండుతున్నంతసేపూ నీళ్లలో పెద్దగా కదలిక లేదు. మంట ఆరాక గబగబా పైకి! వేడికి ఉబ్బిన గాలి కొంత బయటికి పోయింది. మిగిలింది చల్లబడి కుంచించుకుంటే, బయటి గాలి ఒత్తిడి నీళ్లను లోపలికి తోసింది. గాలిలో ఆక్సిజన్ 21 శాతం. అందులో చాలాభాగం మిగిలుండగానే కొవ్వొత్తి ఆరిపోతుంది. పైగా ఖర్చయిన చోట కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది కూడా. ఇవన్నీ నాకు విడివిడిగా తెలిసినవే.

మాస్టారికి ఫొటోలు పంపి, వీడియో తీసేస్తానన్నాను. "ఉంచండి మేడమ్, కింద ఈ ఫొటోలు పెట్టండి చాలు. నేనూ చాలా ఏళ్లు అలాగే చెప్పాను" అన్నారు.

పోయినేడు ఎనిమిదిలో వెనక బెంచీ పిల్ల ఒకతి అడిగింది, "టీచర్, ఆరిపోయాక కదా నీళ్లు ఎక్కుతున్నాయి?" అని. సిలబస్ అవ్వలేదన్న టెన్షన్‌లో "కూర్చోమ్మా" అన్నాను. ఇప్పుడు ఆ పిల్ల తొమ్మిది బీలో ఉంది. రేపు వాళ్లకి నాది మూడో పీరియడ్.

సీసా, పళ్లెం, కొవ్వొత్తులు బ్యాగులో సర్దేశాను. అగ్గిపెట్టె పొద్దున అత్తయ్య దీపం పెట్టుకున్నాక తీసుకోవాలి.