రాగి రేకుతో కుస్తీ: వర్క్‌షాప్‌కి ముందు నా కసరత్తు

వర్క్‌షాప్‌కి ఇంకా పది రోజులుంది. ఎక్స్‌రే అబ్సార్ప్షన్ డేటాని (పదార్థం ఏ ఎనర్జీ దగ్గర ఎక్స్‌రేలని ఎంత పీల్చుకుంటుందో చెప్పేది) విశ్లేషించే సాఫ్ట్‌వేర్ మీద తొలి పరిచయమే కాబట్టి ఏమీ రాకుండా వెళ్లినా ఎవరూ ఏమీ అనరు. కానీ ఇదివరకు ఒక శిక్షణకి అలాగే వెళ్లి సగం పూట ఇన్‌స్టాలేషన్‌తో, మిగతా సగం పక్కవాళ్ల స్క్రీన్ వైపు తొంగి చూడటంతో గడిపాను. నాకిది ఉద్యోగం కాదు, సరదా. రాత్రిళ్లు దొరికే గంటే నా సమయం, అందుకే ముందే మొదలుపెట్టాను.

మొదటి వారం ఇన్‌స్టాలేషన్‌కే పోయింది. బ్రూస్ రావెల్ రాసిన డెమీటర్ ప్యాకేజీలో మూడు ప్రోగ్రాములుంటాయి. డేటాని శుభ్రం చేయడానికి ఎథీనా, ఫిట్ చేయడానికి, అంటే నిర్మాణపు మోడల్‌తో సరిపోల్చడానికి ఆర్టెమిస్, ఏ మూలకానికి ఎడ్జ్ (అబ్సార్ప్షన్ ఒక్కసారిగా పెరిగే చోటు) ఎక్కడో చూసుకోవడానికి హెఫెస్టస్. విండోస్‌లో ఇన్‌స్టాలర్ నొక్కితే అయిపోతుంది, మిగతా సిస్టమ్స్‌లో కాస్త ఓపిక కావాలి. మ్యాట్ న్యూవిల్ పైథాన్‌లో రాసిన లార్చ్ కూడా వేసుకున్నాను, ఒకే ఫైల్‌ని రెండింట్లో తెరిచి పోల్చుకోవచ్చని.

సాధన కోసం రాగి రేకు డేటా తీసుకున్నాను. జవాబు ముందే తెలిసిన లెక్క అన్నమాట: కె ఎడ్జ్ (అన్నిటికన్నా లోపలి ఎలక్ట్రాన్లది) 8979 ఈవీ (ఎలక్ట్రాన్ వోల్ట్‌లు) దగ్గర, ఒక్కో పరమాణువు చుట్టూ 2.55 ఆంగ్‌స్ట్రాంల దూరంలో 12 పొరుగు పరమాణువులు. ఇంత తేలికైన దాంట్లోనూ మొదటి రాత్రే పప్పులో కాలేశాను. ఫైల్‌లో వరసగా ఎనర్జీ, ముందు డిటెక్టర్ రీడింగ్, వెనక డిటెక్టర్ రీడింగ్ ఉంటే, కాలమ్స్ ఎంచుకునే చోట పైదీ కిందదీ తారుమారు చేశాను. ఎడ్జ్ పైకి లేవాల్సింది కిందకి పడింది. ముందు డిటెక్టర్‌ని వెనకదానితో భాగించి లాగరిథం తీసుకుంటేనే అబ్సార్ప్షన్ వస్తుంది. ఎనర్జీ యూనిట్ ఈవీనా, కిలో ఈవీనా అన్నది కూడా ఆ విండోలోనే చూసుకోవాలి.

రెండో వారం మొత్తం నార్మలైజేషన్, బ్యాక్‌గ్రౌండ్. ఇది త్వరగా దాటేసే భాగం అనుకున్నాను, తీరా చూస్తే ఎక్కువసేపు కూర్చున్నది ఇక్కడే. ఎడ్జ్‌కి ముందు ఒక గీత, తర్వాత ఒక వంపు గీస్తే, ఎడ్జ్ దగ్గర ఆ రెండింటి మధ్య ఎత్తే ఎడ్జ్ స్టెప్. ఎడ్జ్ తర్వాత, పొరుగు పరమాణువుల వల్ల కనిపించే డోలనాలన్నిటినీ దీంతోనే భాగిస్తారు, కాబట్టి స్టెప్ 5 శాతం తప్పితే చివర్లో వచ్చే పొరుగు పరమాణువుల సంఖ్య కూడా దాదాపు అంతే తప్పుతుంది. నేను వెనక గీతని ఎడ్జ్‌కి మరీ దగ్గరగా, ఇంకా పెద్ద డోలనాలు ఉన్నచోటే మొదలుపెట్టి ఇదే తప్పు చేశాను. 150 ఈవీ అవతలికి జరిపాక కుదురుకుంది.

ఇక ఆర్‌బీకేజీ, అంటే ఎన్ని ఆంగ్‌స్ట్రాంల లోపలి సిగ్నల్‌ని బ్యాక్‌గ్రౌండ్‌గా తీసేయాలో చెప్పే అంకె. డిఫాల్ట్ 1. దాన్ని 2 చేసి చూశాను, బ్యాక్‌గ్రౌండ్ గీత డోలనాల వెంటే వంకర్లు తిరిగి అసలు పొరుగువాళ్ల సిగ్నల్‌నే తినేసింది. 0.3 చేస్తే ఎడమ చివర పెద్ద బొడిపె మిగిలింది. మళ్లీ 1కే వచ్చాను, కానీ అక్కడ ఎందుకు ఉండాలో ఇప్పుడు తెలుసు.

డోలనాలని దూరాల వారీగా విడదీసే ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్‌ని కె (ఎలక్ట్రాన్ తరంగ సంఖ్య) 3 నుంచి 12 దాకా తీసుకున్నాను. ఎడ్జ్ దాటాక సుమారు 34 నుంచి 549 ఈవీ వరకు అన్నమాట. మొదటి శిఖరం 2.2 దగ్గర కనిపించేసరికి కంగారుపడ్డాను, 2.55 కదా రావాలి! ఎలక్ట్రాన్ తరంగం పరమాణువుల దగ్గర ఫేజ్ మారడం వల్ల శిఖరం అలా ఎడమకి జరుగుతుందట. ప్లాట్ మీది అంకెని బంధ దూరం అనుకోకూడదు, ఆ పని ఫిట్‌ది.

నిన్న ఆర్టెమిస్ తెరిచాను. రాగి నిర్మాణం ఇస్తే (ఎఫ్‌సీసీ, అంటే మూలల్లోనూ ముఖాల మధ్యలోనూ పరమాణువులున్న ఘనం, అంచు 3.61 ఆంగ్‌స్ట్రాంలు) ఫెఫ్ అనే ప్రోగ్రాం ఎలక్ట్రాన్ దారులన్నీ లెక్కగట్టి వరసగా పెట్టింది. మొదటి దారి ఒక్కటే తీసుకుని, ఆర్ (దూరం) 1 నుంచి 3 మధ్య నాలుగు పారామీటర్లు వదిలాను: ఆంప్లిట్యూడ్, ఎనర్జీ షిఫ్ట్, దూరంలో తేడా, సిగ్మా స్క్వేర్ (ఆ దూరం ఎంత అటూఇటూ ఊగుతుందో చెప్పేది). ఈ పరిధిలో స్వతంత్ర సమాచారం పదకొండు పాయింట్లకి కాస్త పైన ఉంటుంది, కాబట్టి నాలుగుకి ఇబ్బంది లేదు. దూరం సరిగ్గానే వచ్చింది. కానీ ఆంప్లిట్యూడ్, సిగ్మా స్క్వేర్ జంట కవలల్లా కదులుతున్నాయి, ఒకటి పెంచితే రెండోది పెరిగి సర్దేస్తోంది, రిపోర్ట్‌లో కోరిలేషన్ కూడా ఎక్కువే. 10 కెల్విన్ డేటా, గది ఉష్ణోగ్రత డేటా రెండింటికీ ఒకే ఆంప్లిట్యూడ్ పెట్టి కలిపి ఫిట్ చేశాక ఆ ముడి కొంత వదిలింది. చల్లటిదానికి సిగ్మా స్క్వేర్ 0.003 పైచిలుకు, మామూలుదానికి 0.008 పైన వచ్చింది. వేడికి పరమాణువులు ఎక్కువ ఊగుతాయన్నది ఇలా అంకెల్లో చూస్తే భలే అనిపించింది.

3.61 దగ్గరున్న రెండో షెల్ (పొరుగువాళ్ల రెండో పొర), 3.83 దగ్గరి త్రికోణపు దారి ఇంకా ముట్టుకోలేదు, అవి అక్కడే అడుగుతాను. ప్రాజెక్ట్ ఫైల్స్ పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాను. బ్యాగ్‌లో మౌస్ కూడా పెట్టుకున్నాను, టచ్‌ప్యాడ్‌తో ప్లాట్ మీద సరైన చోట క్లిక్ చేయడం నా వల్ల కాలేదు.